లివర్‌పూలే నయం బావూ!

పోర్టు వస్తే ఊరు మారిపోతుందట. ఎవరు కాదన్నారు? 1700 నాటికి ఇంగ్లండులోని లివర్‌పూల్ అయిదారు వేల జనమున్న చిన్న ఊరు. 1715లో అక్కడ గేట్ల రేవు తెరిచారు. ఆటుపోట్లతో పనిలేకుండా ఓడలు లోపల నిలిచి సరుకు దించుకోవచ్చు. వ్యాపార ఓడల కోసం అలా కట్టిన రేవు ప్రపంచంలో అదే మొదటిది. 1801 జనాభా లెక్కల్లో ఊరు 77 వేలు దాటింది. మన మంత్రులు మైకు దొరికితే చెప్పుకోవాల్సిన కథ ఇదే. చెప్పరు. వాళ్ల నోటికి సింగపూర్ తప్ప ఇంకోటి తిరగదు.

తిరక్కపోవడమే మంచిది లెండి. ఆ ఊరు దేనిమీద బలిసింది? కొంత ఉప్పుమీద. వెనకున్న చెషైర్ ఉప్పు ఓడలకెక్కింది. 1753లో తెరిచిన రేవుకైతే ఉప్పు గోదాము పేరే ఖాయమైంది. మరి మిగతాది? మనుషులమీద. లివర్‌పూల్ ఓడలు ఆఫ్రికా వాళ్లను గొలుసులేసి అట్లాంటిక్ దాటించి అమ్మాయి. శతాబ్దం చివరికి బ్రిటన్ బానిస వ్యాపారంలో అగ్రతాంబూలం ఆ ఊరిదే. ఆ సొమ్ము తిన్నవాళ్లే మేయర్లయ్యారు.

ఇక మన తీరానికి రండి. శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం, భావనపాడు. పోర్టు కడతాం, భూములివ్వండి అంటూ 2015లో వేల ఎకరాలకు నోటిఫికేషన్ ఇచ్చారు. జనం రోడ్డెక్కారు. ఫైళ్లు అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. చివరికి 2023 ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు. తీరా చూస్తే పోర్టు భావనపాడుది కాదు, మూలపేటది! ఏళ్ల తరబడి నిద్ర చెడగొట్టింది ఒక ఊరికి. ఇళ్లు వదలమన్నది ఇంకో ఊరిని. ఏటి బావూ ఈ లెక్క?

ఖర్చు 4,362 కోట్లు. ఏటా 2 కోట్ల 35 లక్షల టన్నుల సరుకు. వినడానికి కడుపు నిండిపోతుంది. మరి భావనపాడుకేం మిగిలింది? ఇసుక మేటలేసిన పాత చేపల హార్బరు. అంత పెద్ద ఓడల కోసం సముద్రాన్నే తవ్వగలిగిన ఘనులకి, పడవ దూరేంత ముఖద్వారం తవ్వడం చేతకాదా? పక్కనే నౌపడ. ఉప్పు మడుల్లో కాళ్లు పగిలే కూలీకి ఆ కోట్లలో చోటెక్కడ?

వేదికెక్కితే మాత్రం "మా గంగపుత్రులు" అంటూ తెగ మురిసిపోతారు. ఆ గంగపుత్రుడు వేటకి గుజరాత్ దాకా వలసెందుకు పోతున్నాడు? 2018 నవంబరులో అలా పోయిన ఉత్తరాంధ్ర వాళ్లు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ బయటపడలేదు. వాళ్ల కథతో సినిమా వచ్చింది. వలసలు ఆగాయా?

ఈ తీరానికి అభివృద్ధి కొత్తేం కాదు. 2010 జులై 14న సోంపేట బీల అనే చిత్తడి నేలలో పోలీసుల తుపాకీతో వచ్చింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర చిత్తడిలో మళ్లీ వచ్చింది. థర్మల్ ప్లాంటు వద్దన్న పాపానికి రెండుచోట్లా ప్రాణాలు పోయాయి.

బానిసత్వానికీ దీనికీ పోలికేంటని కోప్పడకండి. పోలిక కాదు. సిగ్గు సంగతి. లివర్‌పూల్ టౌన్ హాల్ గోడలమీద ఆఫ్రికా మనుషుల ముఖాలు చెక్కి ఉన్నాయి. గొప్పకే చెక్కించుకున్నారనుకోండి. అయినా ఎవరి వీపుమీద ఎదిగారో గోడే సాక్ష్యం చెబుతోంది. మన శిలాఫలకాల మీద? మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు. ఇల్లిచ్చినోడి పేరొక్కటి చూపించండి! బానిస వ్యాపారాన్ని 1807లో చట్టం ఆపింది. లివర్‌పూల్ నగర పాలక మండలి క్షమాపణ చెప్పింది 1999లో. 192 ఏళ్లు. కాకరాపల్లికి ఇంకా రెండు దశాబ్దాలైనా నిండలేదు. మనవాళ్లకి తొందరేముంది?

30 నెలల్లో పోర్టు పూర్తన్నారు. ఆ గడువు 2025 అక్టోబరుతో తీరింది. మధ్యలో ప్రభుత్వమే మారింది. ఓడ రాలేదు, కొత్త గడువొచ్చింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని 2019లో చట్టం కూడా చేశారు. ఈసారి గడువు మోసుకొచ్చే నాయకుడు ఏ పార్టీవాడైనా సరే, దండ వేసే ముందు నిలదీయండి: మూలపేట, దాని పక్కనున్న విష్ణుచక్రం, భావనపాడు పిల్లలకి పోర్టులో ఉద్యోగాలెన్ని? వాచ్‌మన్ పోస్టులు తీసేసి, రాతపూర్వకంగా చెప్పమనండి.