తెల్లకర్ర ఆత్మకథ

నేను తెల్లకర్రను. నాలుగైదు అల్యూమినియం గొట్టాలు, వాటి లోపల సాగే తాడు, చేతికి రబ్బరు పట్టు, నేలకు తగిలేచోట నైలాన్ మొన, దానికి కాస్త పైన ఎర్ర పట్టీ. ఇంతే నా ఒళ్ళు. భిలాయ్ ఉక్కునగరంలో ఉంటున్నా నాలో ఉక్కు లేదు. అంత బరువును రోజంతా ఆడించడం మణికట్టు వల్ల కాదు. నాకు రెండు పనులు. నన్ను పట్టుకున్న మనిషికి నేల సంగతి చెప్పడం ఒకటి, ఆ మనిషికి చూపు లేదని ఎదుటివాళ్ళకు చెప్పడం రెండోది. మొదటి పని నేనూ, నన్ను పట్టుకున్న చెయ్యీ కలిసి చేసుకుంటాం. రెండో పని మాత్రం చూసినవాళ్ళు ఆగితేనే పూర్తవుతుంది. చూపులేని మనిషికి రోడ్డుమీద ప్రమాదం జరిగితే "కళ్ళు కనబడని మనిషి ఒంటరిగా ఎందుకొచ్చినట్టు?" అని ముందు అడుగుతారు. అడగాల్సింది అది కాదు. ప్రమాదాన్ని తెచ్చిపెట్టిందెవరు, ఆపగలిగీ ఆపనిదెవరు అని అడగాలి. నా కథంతా ఈ మాట చెప్పడానికే.

నా పుట్టుకలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్ ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. ఇంటి చుట్టూ పెరిగిన బండ్ల రద్దీకి భయపడి తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. నేల తడుముకోవడానికి ఏ రంగు కర్రయినా సరిపోతుంది; తెలుపు బండి నడిపేవాళ్ళ కోసం. 1930లో అమెరికాలోని పియోరియా నగరం తెల్లకర్ర పట్టుకున్నవారికి వాహనాలు దారి ఇవ్వాలని శాసనం చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1944లో రిచర్డ్ హూవర్ నన్ను పొడవు చేసి, అడుగడుగుకీ ఇటూ అటూ ఆడిస్తూ నడిచే పద్ధతి రూపొందించాడు. 1964లో అమెరికా అక్టోబరు 15ను తెల్లకర్ర భద్రతా దినంగా ప్రకటించింది. అంటే మొదటినుంచీ నేను రోడ్డుమీద ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందాన్ని. అందులో ఒకరు నన్ను పట్టుకున్నవారు, రెండోవారు మీరు.

నాకు చేతకానివి కూడా చెప్పాలి. నేను నేలను, గట్టును, మెట్టును, గుంతను పట్టుకోగలను. మోకాలికి పైనున్నది నాకు అందదు. ఉక్కు ఊరు కాబట్టి ఇక్కడ లారీలు ఎక్కువ. రోడ్డు పక్కన నిలిపిన లారీ వెనక ఇనుప చువ్వలు పొడుచుకొచ్చి ఉంటే, నా మొన వాటి కింద ఖాళీ నేలమీద హాయిగా సాగిపోతుంది. చువ్వ మాత్రం మనిషి ఛాతీకి తగులుతుంది. చప్పుడు లేకుండా వచ్చే ఈ-రిక్షా చెవికి కూడా అందదు. ఈ చిక్కు గుర్తించే ఐరోపా సమాఖ్య 2019 జూలై నుంచి కొత్త రకం విద్యుత్ కార్లు నెమ్మదిగా వెళ్ళేటప్పుడు చప్పుడు చెయ్యాలని నియమం పెట్టింది. ఫుట్‌పాత్ మీద బైకులు నిలిపితే నన్ను పట్టుకున్న మనిషి రోడ్డుమీదికి దిగక తప్పదు. ఇవేవీ ఆ మనిషి చేసిన తప్పులు కావు, మరొకరు అక్కడ పెట్టినవి.

ఈ వాదాన్ని న్యాయస్థానం ఎప్పుడో తేల్చింది. 1956లో లండన్‌లో కూలీలు కాలిబాటలో కందకం తవ్వి, కంచె బదులు పొడుగు పిడి దిమ్మిసను ఏటవాలుగా పెట్టారు. చూపున్నవాళ్ళు దాన్ని దాటుకుపోతారు. తెల్లకర్రతో రోజూ అదే దారిలో వెళ్ళే ఒకాయన జాగ్రత్తగానే నడిచాడు. కర్ర దానికి తగల్లేదు, కాలు తగిలింది. పడిపోయి వినికిడి కూడా పోగొట్టుకున్నాడు. కింది కోర్టులు ఆయన కేసు కొట్టేశాయి. 1964లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తీర్పును తిరగరాసింది. అయిదువందల మందిలో ఒకరు చూపులేనివారైన దేశంలో, కాలిబాట మీద అంధులు నడుస్తారని ముందే ఊహించాల్సిందేనంది. మన 2011 జనాభా లెక్కల్లో చూపుకి సంబంధించిన వైకల్యం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు, అంటే దాదాపు 240 మందిలో ఒకరు. లెక్కగట్టే పద్ధతులు వేరు కావచ్చు. ఊహించలేదన్న సాకు మాత్రం ఇక్కడ అసలే చెల్లదు. పైగా కంచె లేని చోటు చూపున్నవాళ్ళనూ వదలదు. 2022 డిసెంబరులో భిలాయ్ సమీపంలోని కుమ్హారి దగ్గర, కడుతూ ఉన్న ఫ్లైఓవర్ మీదుగా రాత్రివేళ మోటారు సైకిల్‌పై వెళ్తున్న దంపతులు కిందపడి చనిపోయారు. అదే ఏడాది దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు.

భిలాయ్ వాసులకు ఈ సూత్రం కొత్త కాదు. కార్ఖానా గేటు లోపల తిరిగే యంత్రానికి కంచె కట్టే బాధ్యత యాజమాన్యానిదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. కార్మికుడు పనిలో గాయపడితే, యజమాని తప్పు రుజువు చెయ్యకుండానే పరిహారం ఇచ్చే పద్ధతి 1923 నాటి చట్టంతోనే వచ్చింది. ప్రమాదకరమైన పని ఎవరు నడుపుతున్నారో భారం వాళ్ళదేనన్నది దీని సారం. గేటు దాటి ఊరి ప్రధాన రోడ్డయిన జీఈ రోడ్డెక్కగానే ఆ సూత్రం మారిపోవడానికి కారణం ఏమిటి? టన్ను బరువున్న కారు కూడా తిరిగే యంత్రమే కదా! మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ఇప్పుడు ఆ దారినే నడుస్తోంది: ఎవరి నిర్లక్ష్యమో రుజువు చెయ్యకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షల రూపాయలు. 198ఏ సెక్షన్ ప్రకారం నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు కట్టిన అధికార సంస్థ, కాంట్రాక్టరు కూడా జవాబు చెప్పాలి.

"తోడు లేకుండా బయటికి రావడమెందుకు?" అంటారు కొందరు. తోడు దొరికినప్పుడే బజారుకీ, సెక్టార్ 9 ఆసుపత్రికీ వెళ్ళాలంటే అది ఇంట్లో ఖైదే. తాను కూడా అంధుడైన న్యాయశాస్త్రవేత్త జాకోబస్ టెన్‌బ్రూక్ 1966లోనే వాదించాడు, లోకంలో తిరిగే హక్కు ఉందంటే ఆ తిరుగుడుకు తగ్గ రక్షణ కూడా చట్టం ఇవ్వాలని. "చూపు లేదని డ్రైవరుకెలా తెలుస్తుంది?" అని మరికొందరు అంటారు. చెప్పడానికే నేనున్నాను. నన్ను గమనించలేనంత వేగంలో ఉన్న డ్రైవరు రోడ్డుమీదికి పరుగెత్తిన పిల్లవాణ్ణీ గమనించలేడు. "ఫుట్‌పాత్‌లకు డబ్బేదీ?" అన్నది మూడో అభ్యంతరం. నిలిపిన బైకు తీయించడానికి, గుంత చుట్టూ కంచె కట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఫుట్‌పాత్ మీది చిరువ్యాపారుల పొట్ట కొట్టనక్కరా లేదు. వాళ్ళకు వేరుగా చోటు చూపమని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే చెబుతోంది. నన్ను పట్టుకున్నవారికీ బాధ్యత ఉంది: నన్ను మడిచి సంచిలో పెట్టకుండా కనబడేలా పట్టుకోవాలి, రాత్రి మెరిసే పట్టీ ఉన్న కర్ర వాడాలి, దాటే ముందు ఆగి వినాలి. ఆ బాధ్యతను కాదనను. అయితే చూడగలిగినవాడి బాధ్యతతో దాన్ని సమానం చెయ్యడం న్యాయం కాదు.

ఉక్కు టౌన్‌షిప్ సెక్టార్ల నుంచి ఊళ్ళోని సుపేలాకు నడిచే మనిషి టౌన్‌షిప్ రోడ్డూ, కార్పొరేషన్ రోడ్డూ, జాతీయ రహదారీ దాటుతాడు. ఎక్కడ గాయపడినా "మా పరిధి కాదు" అనే వీలుంది. అందుకే ఆ మూడు రోడ్ల అధికారులూ ఒక్కచోట కూర్చుని, ఆ దారి మొత్తం నడిచి చూసి, ఏ అడ్డు ఎవరు తీయాలో రాసి ప్రకటించాలి. ఆ నడకలో తెల్లకర్ర పట్టుకున్నవారు ఉండాలి. పాదచారులకు ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కని, ఫుట్‌పాత్‌లు వికలాంగులకూ అనువుగా ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పాక ఇది దయాధర్మం కాదు, విధి. ఇక మీకు ఒక్క మాట. నేను కనబడితే హారన్ కొట్టకండి, అది మా దిక్కు తప్పిస్తుంది. బండి ఆపండి. మేము అవతలి గట్టు ఎక్కేదాకా ఆపండి.