పేరుకే రాజుని

నా పేరు కింగ్ పిన్. పేరులో రాజరికం ఉంది గానీ, ప్రస్తుతం నా కాపురం పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫామ్ వైపున్న ఓ మెకానిక్ షెడ్డులో, అడుగున నల్లనూనె పేరుకున్న డాల్డా డబ్బాలో. తోడుగా రెండు చచ్చిన బేరింగులు, తల అరిగిన బోల్టు, ఏ బండిదో ఎవరికీ గుర్తులేని స్ప్రింగు ఉన్నాయి.

ఎదురుగా పికప్ వ్యాను వస్తుంటే మీకు హెడ్‌లైట్లు కనిపిస్తాయి, బంపరుకు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ కనిపిస్తాయి. నేను కనిపించను. ముందు ఇరుసు చివర, చక్రం వెనకాల, నిలువుగా దిగ్గొట్టి ఉంటాను. బొటనవేలంత లావు, జానెడుకు కాస్త తక్కువ పొడవు. డ్రైవరు స్టీరింగు తిప్పితే చక్రం పక్కకు తిరుగుతుంది కదా, అది తిరిగేది నా చుట్టూనే. తలుపుకు బందు ఎలాగో చక్రానికి నేనలాగ. పైనొక బుష్షు, కిందొక బుష్షు, బరువు మొయ్యడానికి ఒక బేరింగు, గ్రీజు కొట్టడానికి రెండు నిపుల్స్. అంతే నా సంసారం.

పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొలిమి, లేతు, గ్రైండింగు. పైపొర గట్టిగా, లోపల కాస్త మెత్తగా చేశారు. గట్టిదనం అరగకుండా, మెత్తదనం విరగకుండా. బిగించేటప్పుడు తల కొంచెం వెనక్కి వాల్చి బిగించారు. ఆ వాలు ఉంటేనే మలుపు దాటాక స్టీరింగు దానంతటది తిన్నగా వస్తుంది. మేస్త్రీలు దాన్ని కాస్టర్ అంటారు.

మా బండి విశాఖపట్నం రేవులో ఓడెక్కి, సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం దాటి, హాడో జెట్టీలో దిగింది. ఓనరుది శ్రీకాకుళం జిల్లా. చిన్నప్పుడు మావయ్య చెయ్యి పట్టుకుని వచ్చి, జంగ్లీఘాట్‌లో చేపలమ్మి, ఆ డబ్బుతో బండి కొన్నాడు. నడిపేది బావమరిది. దిగ్లీపూర్ వెళ్ళేటప్పుడు సిమెంటు, రేకులు. వచ్చేటప్పుడు కూరగాయలు, కొబ్బరికాయలు, వక్కలు. ఒక్కో వైపు 300 కిలోమీటర్లకు పైనే.

మొదటి ఏడాది నన్ను రాజులాగే చూశారని ఒప్పుకోవాలి. ఇరుసు కింద జాకీ పెట్టి, చక్రం నేలకు ఆనకుండా లేపి గ్రీజు కొట్టేవాళ్ళు. అలా లేపడం చాదస్తం కాదు. బండి బరువంతా నామీద ఉండగా గన్ను నొక్కితే, ఒత్తిడి పడే వైపుకు గ్రీజు చేరదు, సందున్న చోటునుంచి బయటికి జారిపోతుంది. గ్రీజు ముఖ్యంగా కావలసింది ఆ వైపుకే. ఆ రోజుల్లో నిండు లోడుతో, వానలో, ఆస్టిన్ వంతెన దాటి ఉత్తర అండమాన్‌లోకి పోతుంటే స్టీరింగు మీద రెండు వేళ్ళు చాలేవి. అలా పోతున్నామంటే నా చలవేనని డ్రైవరుకు తెలియదు, నేనూ చెప్పుకోలేదు.

రెండో ఏడు జాకీ మానేశారు. మూడో ఏడు గ్రీజే మానేశారు. బాడీకి మాత్రం ప్రతి ఆదివారం షాంపూ స్నానం. వెనకాల 'అమ్మ దీవెన' అక్షరాలకు దసరాకోసారి కొత్త రంగు. ఓనరుకు అక్షరాల మీద ఉన్న మమకారం ఇరుసు మీద ఉంటే ఈ కథ రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇక ఉప్పునీళ్ళ సంగతి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర రోడ్డు నీళ్ళలోకి దిగిపోతుంది. అక్కడ బండ్లన్నీ ఫెర్రీ ఎక్కి బారాటాంగ్ చేరాలి. పోటు మీదున్నప్పుడు ఫెర్రీ తలుపు వాలే సిమెంటు ఏటవాలు సగం నీళ్ళలోనే ఉంటుంది. ముందు చక్రాలు ఛప్‌మని దిగుతాయి, ఛప్‌మని ఎక్కుతాయి. ఒడ్డెక్కాక టైర్లు అరగంటలో ఆరిపోతాయి. నా కింది బుష్షులోకి చేరిన నీళ్ళు ఆరవు. గ్రీజుంటే అవి లోపలికి రానే రావు. గ్రీజు లేని ఇంట్లో ఉప్పునీళ్ళే అద్దెకు దిగాయి. ఎర్రటి పొడి రాలడం మొదలైంది. గోటితో తడిమితే తగిలేంత గాడి నా కింది భాగానికి పడింది.

వణుకు ఎలా మొదలవుతుందో ఒక్కసారి చెబుతాను, ఎందుకంటే అందరూ టైరునే తిడతారు. తిరుగుతున్న బొంగరాన్ని వేలితో నెట్టి చూడండి, నెట్టిన వైపు పోదు, ఇంకో వైపు వాలుతుంది. చక్రమూ అంతే. కుడి చక్రం గోతిలో పడితే ఇరుసు వాలుతుంది. ఇరుసు వాలితే తిరిగే చక్రం నా చుట్టూ పక్కకు మెలిపడుతుంది. రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ ద్వారా ఆ కుదుపు ఎడమ చక్రానికి పోయి, తిరిగి వస్తుంది. నేను బిగువుగా ఉంటే ఒకటి రెండు ఊపుల్లో చచ్చిపోతుంది. నేను వదులైతే పెరుగుతుంది, బండి వేగమే దానికి మేత. ఇది మా వంశంలో పాత జబ్బే. అప్పట్లో జనం భుజాలూపుతూ ఆడే ఒక డాన్సు పేరు మీద దీన్ని 'షిమ్మీ' అన్నారు. 1925లో బ్రూలియే అనే ఫ్రెంచి ఇంజనీరు దీని మీద పరిశోధన వ్యాసమే రాశాడు. 1934లో జనరల్ మోటార్స్ కొన్ని కార్లలో ముందు చక్రాలను విడదీసి, దేని సస్పెన్షన్ దానికి పెట్టి, మధ్యలో ఇరుసునే తీసేసింది. బరువులు మోసే బండ్లలో చాలావాటికి ఇరుసు మిగిలింది. అమెరికాలో పెద్ద పికప్‌లవాళ్ళు ఈ వణుకును 'డెత్ వాబుల్' అంటారట. ఇక్కడ 'వాబ్లింగ్ కొడుతోంది' అంటారు, ఏదో దోమ కుట్టినట్టు.

మా బండికి అది గట్టిగా వచ్చింది రాకూడని చోట. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటాక జారవా తెగవాళ్ళ అడవి. బండ్లన్నీ కాన్వాయ్‌గా పోవాలి. వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు, ఓవర్‌టేక్ చెయ్యకూడదు, ఎక్కడా ఆగకూడదు. ఆ రోడ్డు మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అయినా నడుస్తూనే ఉంది, మేమూ పోతూనే ఉన్నాం. ఆ రోజు ఓనరు కూడా పక్కన కూర్చున్నాడు. 40 దగ్గర కుడి చక్రం ఒక చిన్న గోతిలో పడింది. అంతే. డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ కింద పడింది, బంపరు మిరపకాయలు గంటల్లా ఊగాయి.

"ఏటిరా, సేతులలా ఆడిస్తన్నావు?" అన్నాడు ఓనరు.

"నేను ఆడించట్నేదు బావా, స్టీరింగే నన్నాడిస్తంది!"

ఆగడానికి లేదు. యాక్సిలరేటరు వదిలాడు. 20కి దిగాక వణుకు చచ్చింది. వెనకాల బస్సు హారన్ కొడుతూనే ఉంది. రేవు వచ్చేదాకా బావా బావమరుదులు ఒక్క మాట మాట్లాడుకోలేదు.

తర్వాత మూడు నెలలు నన్ను తప్ప అందరినీ అనుమానించారు. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చారు. బ్యాలెన్సింగ్ చేయించారు, అలైన్‌మెంట్ చేయించారు. నిజానికి పిన్ను వదులుగా ఉండగా అలైన్‌మెంట్ చెయ్యడమంటే, ఊగే ఉయ్యాల్లో పిల్లాడికి పాపిడి తియ్యడమే. ఒకాయన స్టీరింగ్ బాక్సు బిగించాడు, బండి మలుపు తిరగడం మరిచిపోయింది. ఇంకొకాయన స్టీరింగు ఊపును అణిచే డ్యాంపరు కొత్తది వేశాడు. వారం రోజులు హాయిగా ఉంది, అందరూ నమ్మేశారు. డ్యాంపరు జ్వరానికి తడిగుడ్డ లాంటిది. నిమ్మకాయ కూడా మార్చారు.

చివరికి ఈ షెడ్డుకు వచ్చాం. మేస్త్రి తమిళుడు, దగ్గరున్న కుర్రాడు రాంచీ వాళ్ళబ్బాయి, ఓనరు తెలుగువాడు. ముగ్గురూ మాట్లాడుకునేది హిందీ. ఈ దీవుల్లో అంతే. మేస్త్రి ముందు చక్రం జాకీ మీద లేపి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపాడు. టక్, టక్. కుర్రాణ్ణి బ్రేకు తొక్కి పట్టమన్నాడు. మళ్ళీ ఊపాడు. టక్, టక్. బ్రేకు తొక్కినప్పుడు చప్పుడు ఆగితే తప్పు చక్రం బేరింగుది, ఆగకపోతే నాది. అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. మూడు నెలల్లో ఎవరికీ తోచలేదు.

"గ్రీస్ కబ్ మారా థా?" అన్నాడు మేస్త్రి. ఓనరు బావమరిది వైపు చూశాడు. బావమరిది టైరు వైపు చూశాడు.

నన్ను సుత్తితో కొట్టి తీశారు. తుప్పు పట్టుకుపోయి ఓ పట్టాన కదల్లేదు, గ్యాసుతో కాల్చాల్సి వచ్చింది. ఎడమ చక్రం పిన్నునూ తీశారు, ఎందుకంటే మార్చేది జోడీగానే. నాలుగేళ్ళు ఒకే ఇరుసుకు చెరో చివరన బతికాం, ఒకరి కుదుపు ఒకరం మోశాం, మొహాలు మాత్రం చూసుకోలేదు. నూనె మరకల నేల మీద పక్కపక్కన పడేశాకే చూసుకున్నాం. వాడికీ అదే చోట గాడి. సాయంత్రం కబాడీవాడు గోనెసంచి పట్టుకొచ్చాడు. వాణ్ణి అందులో వేశారు. నన్ను మేస్త్రి చేతిలో తిప్పి చూసి, "ఇది పనికొస్తుంది" అని డబ్బాలో పడేశాడు.

ఏం పనికో తర్వాత తెలిసింది. బిగుసుకుపోయిన పిన్ను తియ్యాలంటే, దాని నెత్తిన ఇంకో ఉక్కు ముక్క పెట్టి సుత్తితో కొట్టాలి. ఆ ముక్క నేనే. ఎన్ని బండ్లకు నా నెత్తి పగలగొట్టారో లెక్కలేదు.

2024లో ఈ ఊరి పేరు శ్రీవిజయపురం అయింది. షెడ్డు బోర్డు మీద మాత్రం ఇంకా పాత పేరే. మొన్న ఒక పికప్ వచ్చి ఆగింది. ముందు నుంచి చూస్తే పోల్చుకోలేకపోయాను, కొత్త రంగేశారు. వెనక్కి తిప్పాక 'అమ్మ దీవెన' కనిపించింది. మేస్త్రి జాకీ వేశాడు, చక్రం ఊపాడు, కుర్రాణ్ణి బ్రేకు తొక్కమన్నాడు. తర్వాత చెయ్యి డబ్బాలోకి వచ్చింది. నా చోట్లో కొత్తగా వచ్చినవాడి నెత్తిన నన్ను నిలబెట్టి సుత్తి ఎత్తాడు. ఆరో దెబ్బకు వాడు కదిలాడు, పదో దెబ్బకు కింద పడ్డాడు.

పొడిగానే వచ్చాడు.