కోతి దిగింది, బరువు తగ్గింది

అమెరికావాళ్లకు పని చక్కబెట్టడం చేతకాదు. 1925లో టెన్నెసీ రాష్ట్రంలో పరిణామ సిద్ధాంతం చెప్పాడని స్కోప్స్ అనే మాస్టారి మీద కేసు పెట్టారు. జులై ఎండల్లో డేటన్ అనే చిన్న ఊళ్లో ఉద్దండులైన లాయర్లు వాదించుకున్నారు. రేడియోలో ప్రసారాలు, వీధిలో చింపాంజీ వేషాలు. ఇంతా చేసి వేసిన జరిమానా వంద డాలర్లు, అదీ పైకోర్టులో నిలవలేదు. డార్విన్ పేరు వినని పల్లెటూళ్లకు కూడా ఆయన్ని పరిచయం చేశారంతే.

ఎనభై ఏళ్లకైనా బుద్ధి వచ్చిందా? పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూలు బోర్డు, జీవుల్ని ఎవరో తెలివైనవాడు డిజైన్ చేశాడనే వాదం కూడా ఉందని తొమ్మిదో తరగతికి చదివి వినిపించమంది. టీచర్లు మేం చదవం అన్నారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఇది మతమే కానీ సైన్సు కాదని 2005లో జడ్జి తేల్చేశాడు. ఆలోగానే బోర్డు పెద్దలు ఎన్నికల్లో ఓడి ఇళ్లకు పోయారు. అవతలివాళ్ల లాయర్ల ఖర్చు పది లక్షల డాలర్లు స్కూళ్ల ఖజానాకు పడింది.

మనవాళ్లు చూడండి, ఎంత మర్యాద! నిషేధం లేదు, కేసు లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అనే అధ్యాయం ఉండేది. ఇప్పుడు అనువంశికత ఒక్కటే మిగిలింది. డార్విన్ మీద కోపంతో కాదు సుమండీ, పిల్లల మీద జాలితో. కరోనాలో చదువులు పాడయ్యాయి కాబట్టి బరువు తగ్గించారట.

అదీ నిజమే. ఆ రెండేళ్లూ దేశమంతా ఇంట్లో కూచుని చూసింది పరిణామ సిద్ధాంతం ప్రాక్టికల్సే కదా. ఆల్ఫా పోయి డెల్టా, డెల్టా పోయి ఒమిక్రాన్. ప్రాక్టికల్స్ పూర్తయ్యాక ఇంకా థియరీ ఎందుకనుకున్నారేమో!

ఇంతకీ ఆ బరువేమిటో పాత పుస్తకం తీసి చూశాను. పచ్చటి పొదల్లో పన్నెండు ఎర్ర పురుగులుంటాయి. కాకులు వాటిని ఏరుకు తింటుంటాయి. ఎప్పుడో ఒక పచ్చ పురుగు పుడుతుంది. ఆకుల్లో కలిసిపోయి కాకి కంట పడకుండా బతికి, పిల్లల్ని పెడుతుంది. కొన్ని తరాలకు పొదలన్నీ పచ్చ పురుగులే. ఇంకో కథలో ఏనుగొచ్చి పొదల్ని తొక్కేస్తే, మిగిలినవి అదృష్టం కొద్దీ మిగిలిన పురుగులు. అక్కడే, ఒకే అడవి మొక్క నుంచి రైతులు ఏరి ఏరి పెంచిన క్యాబేజీ, కాలీఫ్లవర్ సంగతి కూడా ఉంటుంది. మనుషులందరి మూలాలూ ఆఫ్రికాలోనే ఉన్నాయనీ, ఒంటి రంగును బట్టి మనుషుల్ని విడదీయడానికి జీవశాస్త్రంలో ఆధారం లేదనీ చివర్లో ఓ మాట. ఆ చివరి మాట మాత్రం బరువైనదే, ఒప్పుకోవాలి.

2023లో పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు ఇదేం పనని లేఖ రాశారు. పన్నెండో తరగతిలో ఉందిగా అని జవాబొచ్చింది. ఉంది, బైపీసీ వాళ్లకు. మన ఇళ్లల్లో పిల్లవాడు పదో తరగతి ఫలితాలు చూసుకునేలోపే నాన్న ఎంపీసీకి ఫీజు కట్టేసి వస్తాడు. ఆ ఇంజనీరుకు జన్మలో పచ్చ పురుగు ఎదురుపడదు.

కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదని 2018లో కేంద్రమంత్రి సత్యపాల్ సింగ్ అన్నారు. కోతి మనిషైందని డార్విన్ అనలేదు, ఇద్దరికీ తాత ఒకడేనన్నాడు. అది సరే, ఆయన ముంబై పోలీసు కమిషనర్‌గా చేసినవారు. కళ్లారా చూసినవాడు లేకపోతే కేసే లేదంటే వేలిముద్రల విభాగం ఏం కావాలి? మరుసటి ఏడాది జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌గారు డార్విన్ కన్నా దశావతారాలే మెరుగైన సిద్ధాంతమన్నారు. మరీ మంచిది. చేప ముందు, తాబేలు తర్వాత అని మామ్మ చెప్పగా విన్న పిల్లలకు డార్విన్‌తో పేచీ ఏముంటుంది? మరి ఈ పాఠం తీసేయమని అర్జీ పెట్టుకున్నదెవరు?

డోవర్ తల్లిదండ్రుల్లా కోర్టుకెళ్దామంటే ప్రతివాదిగా ఎవరి పేరు రాయాలి? కాగితాల ప్రకారం నేరం కరోనాది. సమన్లు చేరేలోపు అది ఇంకో వేరియంటై కూచుంటుంది.