ఊరు అలాగే ఉంటుంది, అరుగే ఉండదు

ప్రణాళికలు రాసేవాళ్లకు పల్లె అంటే మహా ప్రేమ. ఫైలు తెరవగానే మొదటి పేజీలోనే ‘గ్రామీణ స్వరూపం చెక్కుచెదరకుండా’ అని ఉంటుంది. రెండో పేజీ నుంచి స్వరూపం సంగతి కాంట్రాక్టరు చూసుకుంటాడు.

అమరావతినే తీసుకోండి. తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లోని 29 గ్రామాలు 217 చదరపు కిలోమీటర్ల రాజధాని గీతలోకి వచ్చాయి. భూసమీకరణ కింద రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు. ఇళ్లున్న గ్రామకంఠాల జోలికి మాత్రం రామన్నారు. మాట నిలబెట్టుకున్నారు, నిజంగానే రాలేదు. సింగపూర్ వాళ్లు గీసిన పటంలో తూర్పు పడమరలుగా ఈ-రోడ్లు, ఉత్తర దక్షిణాలుగా ఎన్-రోడ్లు. వాటి మధ్య మందడం, వెలగపూడి, రాయపూడి, నెక్కల్లు లాంటి ఊళ్లు పులిజూదం గళ్ల మీద ఎవరో ఒలకబోసిన చింతగింజల్లా ఉన్నాయి. ఇదివరకు పొలానికి దారి అడిగితే చింతచెట్టు దాటి డొంకలో దిగమనేవాళ్లు. ఇప్పుడు ఈ8 మీద పోయి ఎన్9 దగ్గర తిరగమంటున్నారు. పొలం లేదు గనక ఎక్కడ తిరిగినా ఒకటే.

స్వరూపాన్ని కాపాడటంలో అసలు రికార్డు 2019లో ప్రభుత్వం మారిన తర్వాతది. పనులు ఆగాయి, డిసెంబరులో మూడు రాజధానులన్నారు. గొట్టాలు గొట్టాల్లాగే, గుంటలు గుంటల్లాగే ఉండిపోయాయి. సగం వేసిన రోడ్ల మీద సర్కారు తుమ్మ పెరిగింది. పేరులోనే సర్కారు ఉంది కనుక ఎవరూ అడ్డం చెప్పలేదు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాక రాజధానిలో మొదటి పని పునాది తీయడం కాదు, కంప కొట్టడం. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన చేసిన ప్రధానే 2025 మే 2న వచ్చి పనులు పునఃప్రారంభించారు. పెళ్లయిన పదేళ్లకు మళ్లీ పందిరి వేసినా భోజనాలకు లోటు రాలేదు.

కొత్త నగరంలో కరెంటు తీగలన్నీ భూమిలోంచే పోవాలని ప్రణాళిక. మంచిదే. ఊళ్లో మాత్రం స్తంభం ఒక పక్కకి ఒరిగి, మెడలో నాలుగు కేబుల్ టీవీ చుట్టలు, నడుముకి పోయిన ఎన్నికల ఫ్లెక్సీ కట్టుకుని నిలబడి ఉంటుంది. ఏటి అవతల ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి థర్మల్ కేంద్రం బొగ్గు కాలుస్తోంది. దాని పొగగొట్టాలు ఇవతలి రేవుల్లోకి కనిపిస్తాయి. కరెంటు కంటికి కనిపించినంత దగ్గర, ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేంత దూరం.

ఇక రోడ్లు. ఇది ఒక్క రాజధాని బాధ కాదు, డెల్టా అంతటిదీ. 2024 అక్టోబరులో ‘పల్లె పండుగ’ పేరుతో రాష్ట్రంలో 3 వేల కిలోమీటర్ల సిమెంటు రోడ్లు వేస్తామన్నారు. వేయండి, కాదనేవాడెవడు? కానీ మనకొక అలవాటుంది. పాత రోడ్డు తవ్వం. దాని మీదే అరడుగు కొత్తది పోస్తాం. వచ్చే ప్రభుత్వం దాని మీద ఇంకో అరడుగు. తాతగారు మూడు మెట్ల ఎత్తున అరుగు కట్టించుకుంటే తండ్రి హయాంలో ఒక మెట్టు, కొడుకు హయాంలో ఇంకో మెట్టు రోడ్డులో కలిసిపోయాయి. మూడోదీ పోయింది. ఇప్పుడు అరుగు మీద కూర్చుంటే మోటారుసైకిలు అద్దం చెవికి తగులుతుంది. వాన పడితే వీధి నీళ్లు గడప దాటి, వంటింట్లో గ్యాస్ బండ కింద గుడ్డ తడిపి, పెరట్లో గేదె దగ్గర ఆగుతాయి. ఇంటి ఎత్తు పెంచుకుందామంటే అప్పు, పెంచుకోకుంటే చెరువు. కాలువేదని అడిగితే, అది వేరే పద్దు అంటారు. రోడ్డు ఒక పద్దు, మురుగు ఒక పద్దు, దీపం ఒక పద్దు. మధ్యలో మనిషికి ఏ పద్దూ లేదు.

దీపాలకైనా బుద్ధి ఉండాలిగా! ఊరి మధ్య ఎత్తయిన స్తంభమెక్కించి, ముసలమ్మ కంట్లోకి, వరిచేల మీదికి తెల్లటి వెలుతురు కొడతారు. సుడిదోమ వెలుతురుకి మూగుతుందనీ, పొలంలో దీపపు ఎరలు పెట్టుకోమనీ చెప్పేది వ్యవసాయ శాఖ. చేను పక్కన ఉచితంగా ఎర వెలిగించేది పంచాయతీ. ఆడవాళ్లు చీకట్లో భయపడే బడి వెనక సందులో మాత్రం బల్బు మాడి నెలలవుతుంది.

పల్లె స్వరూపం పూర్తిగా క్షేమంగా ఉన్న చోటు ఒకటుంది. విజయవాడ హోటళ్లు. అక్కడ నులక మంచం, లాంతరు, రాగి చెంబు, గోడ మీద ముగ్గు, ఏసీ. అరుగు కూడా ఉంది. ఎత్తు సరిగ్గా ఉంది.

అధికారులకు ఒక్క విన్నపం. ఈసారి గ్రామసభకి రంగుల బొమ్మలు తేకండి. మట్టం చూసే మిషను తెండి, శ్రావణ మాసంలో వాన పడుతుండగా రండి. రోడ్డు వేసే ముందు పాతది తవ్వించండి, గడప కన్నా కిందికి ఉంచండి, పక్కన కాలువ తీయించండి. దీపానికి పైన రేకు కప్పి వెలుతురు నేల మీదికి పడనివ్వండి. ఎక్కడ పెట్టాలో బడికెళ్లే ఆడపిల్లల్ని అడగండి. స్వరూపం సంగతి మేం చూసుకుంటాం.