ముసలి రంపం, కొత్త గొలుసు

"ఆ రోజుల్లో ఇనుమే వేరు" అనే మాటకు దేశం పట్టింపు లేదు. అమెరికాలో మెయిన్ నుంచి ఆరెగన్ దాకా పాత చైన్ సాలు పోగేసే పెద్దమనుషులందరిదీ అదే పల్లవి. పోగేసి అరల మీద పెట్టుకుంటే మనకు పేచీ లేదు. కానీ వాళ్లలో ఒక వర్గానికి అది చాలదు. 1950ల్లోనో 60ల్లోనో తయారైన మెకల్లక్ కంపెనీ రంపాన్నో, హోమ్‌లైట్ కంపెనీదాన్నో కిందికి దించి, చలికాలానికి కావలసిన పొయ్యికట్టెలన్నీ దాంతోనే కొయ్యాలంటారు. యంత్రమన్నాక పని చెయ్యాలట. అర మీద కూర్చోబెడితే దాన్ని అవమానించినట్టట. పైగా ఇప్పటి ప్లాస్టిక్ బొమ్మలకంటే అదే బాగా కోస్తుందట.

ముందు ఆ ఇనుము సంగతి చూద్దాం. అది ఇనుమే కాదు. ఆ రంపాల్లో చాలావాటి ఒళ్లు మెగ్నీషియం పోత. వృత్తిగా చెట్లు కొట్టేవాళ్లకు ఇవాళ అమ్మే రంపాల క్రాంక్‌కేసూ మెగ్నీషియమే. మరి తేడా ఎక్కడుందంటే, బరువులో ఉంది. 1949లో వచ్చిన మెకల్లక్ 3-25 పేరులో 3 అంటే మూడు హార్స్‌పవర్, 25 అంటే పాతిక పౌన్లు. పదకొండు కిలోల పైమాటే. ఆ కాలానికి అది తేలిక కింద లెక్క! 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ చేసిన కరెంటు రంపం 64 కిలోలు, ఇద్దరు పట్టుకుంటే తప్ప కదిలేది కాదు. అందుకే ఒక్కడు ఎత్తగల రంపం వచ్చిందని జనం సంబరపడ్డారు. ఇప్పుడు అదే మూడు హార్స్‌పవర్ రంపం, గొలుసు తిరిగే బారూ, గొలుసూ కాకుండా, ఐదు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మిగతా ఆరు కిలోలనే వీళ్లు "క్వాలిటీ" అంటారు.

పని జరిగే తీరు కూడా దగ్గర్నుంచి చూడాల్సిందే. శనివారం పొద్దున్నే మన వీరుడు పెట్రోలు కలపడంతో మొదలుపెడతాడు. ఇప్పటి టూ స్ట్రోక్ రంపానికి యాభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు చాలు. ముసలిదానికి అప్పట్లో చెప్పిన లెక్క పదహారుకో ఇరవైకో ఒకటి. అదీ బంకులో దొరికే మామూలు పెట్రోలు పనికిరాదు. అందులో కలిసే పది శాతం ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలనూ కార్బురేటర్‌లోని పొరలనూ తినేస్తుంది. ఇథనాల్ లేనిది ఎక్కడుందో వెతికి తేవాలి. తెచ్చి పోసి, చోక్ లాగి, రంపాన్ని కాలితో తొక్కిపట్టి తాడు లాగుతాడు. అది పలకదు. ప్లగ్గు విప్పి తుడుస్తాడు. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే పాయింట్ల సందులో గరుకు కాగితం దూర్చి గీకుతాడు. మళ్లీ తాడు. ఇంజను ఎదురుతన్నిందంటే తాడు పిడి వేళ్లలోంచి ఊడబెరుక్కుపోతుంది. చివరికి అంటుకుంటుంది. నీలిపొగ చెట్ల మీదుగా పోయి పక్కింటి ఆరేసిన దుప్పట్లలో చేరుతుంది. అక్కణ్ణుంచి కోసినంతసేపూ బొటనవేలితో గొలుసుకు ఆయిలు పంపే మీట నొక్కుతూనే ఉండాలి, మరిచిపోతే బారు మాడిపోతుంది. మధ్యాహ్నానికి నాలుగు మొద్దులు తెగుతాయి. వాటిని చీల్చడానికి మాత్రం హైడ్రాలిక్ మిషను వస్తుంది. అక్కడ తాతల నాటి గొడ్డలి ఎవరికీ గుర్తు రాదు.

ఇక "అదే బాగా కోస్తుంది" అన్న మాట. చెక్కను కోసేది ఇంజను కాదు, గొలుసు. 1946లో ఆరెగన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత మనిషి ఒక మొద్దులో పురుగును చూశాడు. దాని దవడలు అటొకసారి ఇటొకసారి చెక్కను కొరుక్కుంటూ, నిలువూ అడ్డమూ లెక్కలేకుండా ముందుకు పోతున్నాయి. ఆ దవడల తీరులోనే గొలుసు పళ్లు చేసి మరుసటి ఏడు కంపెనీ పెట్టాడు. నేటి రంపాల గొలుసులు ఆ వంశానివే. ముసలి రంపానికి తగిలించి "చూడండి, వెన్నలా ఎలా దిగిపోతోందో" అని మురిసిపోయేది కూడా ఈ మధ్య కొన్న గొలుసునే. కొట్లో కొత్తగా కొన్నది. ప్లగ్గు కొత్తది. గొట్టాలు కొత్తవి. కార్బురేటర్‌లో పొరలు కొత్తవి. ఆయిలు సింథటిక్. కొందరైతే పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ముక్క బిగిస్తారు. ఇన్నీ మార్చాక మిగిలిన పాతకాలం ఏమిటంటే చప్పుడు, పొగ, వణుకు.

ఆ వణుకును మాత్రం నవ్వుకుని వదిలెయ్యలేం. రోజంతా అలాంటి రంపం పట్టినవాళ్ల వేళ్లకు రక్తం అందక తెల్లబడేవి. చలిలో మొద్దుబారి, చొక్కా గుండీ పెట్టుకోవడమే కష్టమయ్యేది. 1960ల్లో జపాన్ ప్రభుత్వ అడవుల్లో ఇది పెద్ద గొడవైంది. బ్రిటన్‌లోనూ స్కాండినేవియాలోనూ డాక్టర్లు అడవి కూలీల చేతులు పరీక్షించారు. పిడికీ ఇంజనుకూ మధ్య రబ్బరు దిమ్మలు పెట్టడం ఆ దశాబ్దం మధ్య నుంచి మొదలైంది. 1970ల మొదట్లో చైన్ బ్రేక్ వచ్చింది. బారు కొస చెక్కకు తగిలి రంపం మొహం మీదికి ఎగిరితే గొలుసును క్షణంలో ఆపేది అదే. మన వీరుడి మెకల్లక్‌కు ఇవేవీ లేవు. ఏ లోపాలు తీసెయ్యడానికి రంపాల కంపెనీల ఇంజనీర్లు ఏళ్ల తరబడి తల బద్దలుకొట్టుకున్నారో, సరిగ్గా ఆ లోపాల మీదే ఈయనకు మనసు పడింది.

అడవిలో కూలికి చెట్లు కొట్టినవాళ్లలో చాలామందికి కోసిన కలప కొలతను బట్టే డబ్బు. తేలికైన రంపం బజార్లోకి రాగానే వాళ్లు బరువుదాన్ని వదిలించుకున్నారు. అలా వదిలించుకున్నవే ఇప్పుడు వీళ్ల అరల మీద ఉన్నాయి. మన దగ్గర రుబ్బురోలు మీద వ్యాసాలు రాసేవాళ్లు తెల్లవారుజామున లేచి ఇంటిల్లిపాదికీ దోసెల పిండి రుబ్బినవాళ్లు కాదు కదా. రుబ్బిన ఆవిడ మిక్సీ వచ్చిన రోజునే రోలును పెరట్లోకి దొర్లించేసింది. ఇక్కడా అంతే. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించుకునేవాళ్లు చాలామంది. ఆ తాతల తెల్లబడ్డ వేళ్లు చూపించేవాళ్లు ఒక్కరూ కనబడరు.

పోనీ, కొండంత చెట్టుంటే కొండంత రంపం కావాలనుకుందాం. సేకర్తలు నెత్తిన పెట్టుకునే మెకల్లక్ సూపర్ ప్రో 125 ఇంజను 123 సీసీ. మన స్ప్లెండర్ బండిది 97. పడమటి తీరంలో కౌగిలికి అందని మానులను పడగొట్టడానికి సరిపోయే రంపమది. ఈయన కోస్తున్నది పెరటి వెనక పడిపోయిన బిర్చి చెట్టు, అడుగు మందం. దాన్ని పొయ్యిలో పట్టేలా పదహారు అంగుళాల ముక్కలు చెయ్యాలి. అక్కడ కట్టెలను కార్డుల్లో కొలుస్తారు. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున పేర్చిన దొంతి ఒక కార్డు. ఎన్ని కార్డులు కోశావని అడిగితే మన వీరుడు జవాబు చెప్పడు. రంపం ఎన్నో తాడుకు అంటుకుందో చెబుతాడు.

వస్తువు మీద ప్రేమ అంటారు, సరే. ప్రేమ ఉన్నవాడు దాన్ని అరగదియ్యడు. ఈ పాత మోడళ్లలో చాలావాటికి అరిగిన పిస్టనుకు జోడీ ఇవాళ ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాదు. అప్పట్లో అమ్ముడుపోక డబ్బాల్లో మిగిలిన భాగాలే దిక్కు. లేదంటే ఇంకో ముసలి రంపాన్ని కొని, దాని పొట్ట కొయ్యాలి. అంటే ఒకదాన్ని "బతికించడానికి" ఇంకోదాన్ని చంపడం. ఏడాదికోసారి అందరూ చేరిన చోట ఒక దుంగ కోసి, చప్పుడు విని, తుడిచి అర మీద పెట్టెయ్యండి, ఎవరూ కాదనరు. కట్టెలకు మాత్రం చైన్ బ్రేకున్న రంపం తీసుకోండి.

మెకల్లక్ కంపెనీ పెట్టిన రాబర్ట్ మెకల్లక్ కూడా పాతవస్తువు కొన్నవాడే. బరువు తాళలేక కుంగుతోందని లండన్‌వాళ్లు అమ్మకానికి పెట్టిన 1831 నాటి లండన్ బ్రిడ్జిని 1968లో 24 లక్షల 60 వేల డాలర్లకు కొన్నాడు. రాళ్లకు నంబర్లు వేయించి, విప్పించి, అరిజోనా ఎడారిలో లేక్ హవాసు సిటీకి తెప్పించి, 1971లో మళ్లీ నిలబెట్టాడు. బండ్ల బరువు మాత్రం ఆ ముసలి రాళ్ల మీద పెట్టలేదు. లోపల కొత్తగా ఉక్కు కాంక్రీటు వంతెన కట్టించి, పాత రాళ్లను పైకి కనబడేలా తాపడం చేయించాడు. ఆ వంతెన మీద ఇప్పటికీ కార్లు తిరుగుతున్నాయి.