బండి షెడ్డుకిచ్చే మర్యాదస్తులకు తొమ్మిది చిట్కాలు

పదకొండేళ్లుగా ఒక చిన్న పెట్రోలు కారు నడుపుతున్నాను. ఈ పదకొండేళ్లలో దాన్ని షెడ్డుకిచ్చిన ప్రతిసారీ ఒక రోగంతో వెళ్లి రెండు రోగాలతో తిరిగొచ్చింది. అయినా ఇవాళ్టిదాకా ఏ మెకానిక్‌తోనూ నాకు మాట తేడా రాలేదు. "సార్ చాలా మంచోరు" అని షెడ్డులో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇన్నేళ్లలో దానికి పెట్టిన ఖర్చుతో ఒక సెకండ్ హ్యాండ్ స్కూటరు వచ్చేది. అంత మంచి పేరు మీకూ రావాలంటే ఏం చేయాలో నా అనుభవం కొద్దీ చెబుతున్నాను.

1. జబ్బేమిటో చెప్పొద్దు

"ఏదో సౌండొస్తోంది, కొంచెం చూడన్నా." ఇంతకు మించి ఒక్క ముక్క మాట్లాడొద్దు. ఆ చప్పుడు బ్రేకు తొక్కితే వస్తోందా, స్టీరింగు ఎడమకు తిప్పితే వస్తోందా, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, పది కిలోమీటర్లు నడిచాకా... ఇవన్నీ చెబితే మెకానిక్ నేరుగా అక్కడికే వెళ్లిపోతాడు. వెతుక్కునే ఆనందం అతనికి దక్కకుండా పోతుంది.

జాబ్ కార్డు అనే కాగితం ఒకటుంటుంది. దాని జోలికి పోవద్దు. రాయించడమంటే అతని జ్ఞాపకశక్తిని శంకించడమే. పొద్దున తొమ్మిదింటికి మీరు చెప్పిన మాట మేస్త్రీ చెవిలో పడి, అక్కడి నుంచి ఒక కుర్రాడికి, భోజనాలయ్యాక ఇంకో కుర్రాడికి చేరేసరికి "వెనక డోరు సౌండు" అయి కూర్చుంటుంది. సాయంత్రానికి వెనక డోరుకు గ్రీజు పూసి ఉంటుంది. చప్పుడు ముందు చక్రంలోనే ఉంటుంది. పోనీలెండి, డోరు ఎంత మెత్తగా పడుతోందో!

2. ఫొటోలు తీయొద్దు

తాళాలిచ్చే ముందు కొందరు బండి చుట్టూ తిరిగి, గీతలు, మీటరులో కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు, బ్యాటరీ మీది నంబరు అన్నీ ఫోనులో తీసుకుంటారు. డిక్కీ ఎత్తి స్టెప్నీ టైరును కూడా తీస్తారు. టైరు గోడ మీద నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆ నాలుగంకెల ఫొటో ఉంటే స్టెప్నీ మారిపోయిందో లేదో అర నిమిషంలో తేలిపోతుంది. తేలితే అడగాలి. అడిగితే ఎదుటి మనిషి నొచ్చుకుంటాడు. అందుకే ఫొటో వద్దు. ముల్లు సగం దగ్గర ఇచ్చిన బండి రిజర్వులో తిరిగొస్తే, "ట్రయల్‌కి తిప్పి ఉంటారు" అనుకుని దారిలో బంకుకు పోనివ్వండి.

3. "అన్నీ చూసెయ్" అనండి

తెలుగులో ఇంతకంటే ఖరీదైన రెండు మాటలు లేవు. అంచనా ఎంతవుతుందని అడగొద్దు. "అంతకు మించితే ముందు ఫోన్ చెయ్యి" అని అసలు అనొద్దు. సాయంత్రం లెక్క రాసిన చీటీ చూస్తే ఇంజన్ ఫ్లషింగు, థ్రాటిల్ క్లీనింగు, ఏసీ గొట్టాల్లో క్రిములను చంపే మందు, ఏమిటో తెలియని "కన్స్యూమబుల్స్" అన్నీ వరసగా ఉంటాయి. చదువుతుంటే పెళ్లి భోజనం పట్టీలా నోరూరుతుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం అందులో కనిపించదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి సుమారు రెండేళ్లకోసారి మార్చాలని బండితో వచ్చే పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా ఉంటే మీరు నా మార్గంలోనే ఉన్నట్టు.

అదే పుస్తకంలో మా ఇంజను మూడు లీటర్ల చిల్లర ఆయిలు పడుతుందని ఉంది. చీటీలో నాలుగు లీటర్లు. మిగిలిన డబ్బా ఏదని నేను అడగలేదు. ఎవరి ఇంట్లో ఏ అవసరం ఉందో!

4. పాత సామాను అడగొద్దు

మార్చిన పాత సామాను చూపించమని అడిగే హక్కు మనకుంది. పుత్లీబౌలిలోనో రాణీగంజ్‌లోనో కొని తెచ్చిన కొత్త సామాను అట్టపెట్టెలు కూడా చూపించమనవచ్చు. ఒకే ఒక్కసారి బుద్ధి గడ్డి తిని అడిగాను. కుర్రాడు ఒక మూలకెళ్లి, తుక్కులో చెయ్యి పెట్టి కెలికి, రెండు బ్రేక్ ప్యాడ్లు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. అరచెయ్యి నిండిపోయింది. మా కారు చక్రానికి అందులో సగం ప్యాడు చాలు. అది ఏ జీపుదో అయ్యుండాలి. కుర్రాడు నా మొహంలోకి చూశాడు. నేను అతని మొహంలోకి చూశాను. "బాగా అరిగిపోయాయి" అన్నాను. "అవున్సార్" అన్నాడు. ఆ బరువైన క్షణం మీకు రాకూడదంటే అసలు అడక్కండి.

5. చీకటి పడ్డాకే తెచ్చుకోండి

వెలుగుంటే తలుపు మీద కొత్త గీత, సీటు మీద గ్రీజు వేళ్లు, డ్యాష్‌బోర్డు మీద మరచిపోయిన స్క్రూ కనిపిస్తాయి. రాత్రి ఎనిమిదింటికి, షట్టరు సగం దించాక వెళ్లండి. వాన పడుతుంటే మరీ మంచిది. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పి, చప్పుడు పోయిందో లేదో చూసుకున్నాక డబ్బులివ్వడం అనాగరికుల పద్ధతి. ముందు ఫోన్‌పే కొట్టండి, తర్వాత స్టార్టు చేయండి.

6. నట్ల సంగతి కుర్రాడికి వదిలేయండి

చక్రం నట్లు ఎంత బిగించాలో కంపెనీ ఒక లెక్క చెబుతుంది. ఆ లెక్కకు రాగానే టక్కుమనే టార్క్ రెంచి అనే పానా ఉంటుంది. నట్లను వరసగా కాక, ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి. చక్రం విప్పి బిగించాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఇవన్నీ పుస్తకాల్లో మాటలు. మా షెడ్డులో పద్ధతి వేరు. కుర్రాడు గాలి గన్నుతో దడదడలాడించి, అది చాలక పానా మీదికెక్కి నిలబడి రెండుసార్లు ఊగాడు. ఆ అభిమానానికి నా కళ్లు చెమర్చాయి. నెల తర్వాత పంక్చరు పడి, కారుతో వచ్చిన చిన్న పానాతో ఒక్క నట్టూ ఊడక రోడ్డు పక్కన గంటన్నర నిలబడ్డప్పుడు కూడా చెమర్చాయి.

7. బానెట్ ఎత్తొద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఒక శుక్రవారం రాత్రి ఆయిలు మార్పించుకొచ్చి, శనివారం పొద్దున్నే విజయవాడ బయల్దేరాం. హయత్‌నగర్ దాటగానే మా ఆవిడ, "ఏదో మాడిన వాసన వస్తోందండీ" అంది. ముందు లారీదన్నాను. "లారీ పోయిందిగా, ఇంకా వస్తోంది" అంది. రోడ్డు వేస్తున్నారేమో, తారన్నాను. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటులో మనిషి, "సార్, పొగ!" అన్నాడు. ఇక అతనికి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. ఇంజను మీద, దాని చుట్టూ, బానెట్ లోపలి అట్ట మీద, అంతటా నల్లటి తడి. పులుసు పొంగిన పొయ్యిలా ఉంది. ఆయిలు పోసే కంత నోరు తెరుచుకుని ఆకాశం చూస్తోంది. మూత ఎక్కడికీ పోలేదు. బ్యాటరీ పక్క సందులో వెల్లకిలా పడుకుని ఉంది. పోస్తున్నప్పుడు అక్కడ పెట్టి మరచిపోయారు. మా ఆవిడ దాన్ని రెండు వేళ్లతో తీసి, కొంగుకు అంటకుండా పట్టుకుని, "ఇదెక్కడిదండీ?" అంది.

మేస్త్రీకి ఫోన్ చేశాను.

"అన్నా, ఆ ఆయిల్ మూత..."

"దొరికిందా సార్?"

"దొరికింది."

"మరింకేం, బిగించెయ్యండి."

"థాంక్సన్నా" అన్నాను.

ఇంజను చల్లారాక గేజీ పుల్ల తీసి తుడిచి ముంచితే ఆయిలు కింది గీత దగ్గర కూడా లేదు. దగ్గర్లో బంకుదాకా ఆటోలో వెళ్లి లీటరు డబ్బా తెచ్చి పోశాం. ఇదంతా బానెట్ ఎత్తబట్టి వచ్చిన తంటా. షెడ్డులోనే ఎత్తి చూసుంటే మూత అక్కడే కనిపించేది, మాట అక్కడే అనాల్సి వచ్చేది.

8. బిల్లు వద్దనండి

"బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్ది సార్, 18 శాతం" అంటారు. వెంటనే వద్దనండి. బిల్లంటే పెద్ద తలనొప్పి. దాని మీద పదిహేనక్షరాల జీఎస్టీ నంబరుంటుంది. తెలంగాణ షెడ్డయితే 36తో, ఆంధ్రదయితే 37తో మొదలవుతుంది. ఏం మార్చారో, ఏ రోజు మార్చారో అన్నీ ఉంటాయి. అది చేతిలో ఉంటే లేనిపోని ఆలోచనలొస్తాయి. 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైనులో చెప్పాలనిపిస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనం ఉంటున్న జిల్లా కమిషన్లోనే కేసు వేయవచ్చు. సంగతి జరిగిన రెండేళ్లలోగా వేయాలి. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు. ఇంత సులువుగా ఉన్నదాన్ని మర్యాదస్తులు వాడుకుంటే ఏం బాగుంటుంది? బిల్లు లేకపోతే ఈ గొడవేమీ ఉండదు. మీ దగ్గర ఉండేది ఒక మాడిన వాసన, దానికి సాక్షిగా మీ ఆవిడ.

9. చెప్పకుండా ఇంకో షెడ్డుకు పోండి

పాడు చేసినవాడికి పాడైందని చెప్పడం మహాపాపం. గుట్టుగా ఇంకో షెడ్డుకు పోండి. అక్కడి మేస్త్రీ బానెట్ ఎత్తి, నడుం మీద చెయ్యి వేసి, "ఎవడు సార్ ఇది చేసింది?" అంటాడు. ఈ ప్రశ్న లేకుండా మన దేశంలో ఏ బానెట్టూ పైకి లేవదు. ఆ ప్రశ్నతోపాటు రెండో బిల్లు మొదలవుతుంది. ఇతను అన్నీ విప్పేశాక మొదటివాడి తప్పుకు రుజువు కూడా మిగలదు. ఆరు నెలలకు మీరు మూడో షెడ్డులో ఉంటారు. అక్కడా అదే ప్రశ్న. ఈసారి "ఎవడు" అన్నది ఈ రెండోవాణ్ణి.

ఇంతవరకు నా మాట విన్నారు కదా. ఇక జరిగింది చెబుతాను.

విజయవాడ నుంచి తిరిగొచ్చాక, నాకు ఈ తొమ్మిదో చిట్కా పాటించే అవకాశం ఇవ్వకుండా మా ఆవిడ నాతోపాటు షెడ్డుకొచ్చింది. ఆ మూత చూపించి, "బాబూ, మొన్న దీన్ని పెట్టడం మరచిపోయారు. దారిలో పొగొచ్చింది. ఇంజను కడిగించి, పోయిన ఆయిలు పోయించండి" అంది. గొంతు పెంచలేదు. నేను మాత్రం పక్కన గోడ మీది క్యాలెండరులో తిథి చూస్తున్నాను. ఇప్పుడేదో పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. మేస్త్రీ కుర్రాణ్ణి పిలవలేదు. తనే వచ్చి చూశాడు. "తప్పయిందమ్మా. ఆ రోజు నాలుగు బళ్లు ఒకేసారి పెట్టుకున్నాం" అన్నాడు. ఇంజను కడిగించాడు, ఆయిలు పోశాడు, మూత తన చేత్తో బిగించి తిప్పి చూపించాడు. డబ్బులు తీసుకోలేదు. ఇదంతా ముప్పావు గంట. నేను పదకొండేళ్లు భయపడింది ఈ ముప్పావు గంటకి.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ డ్రైవర్లను చూడండి. బండి కింద మేస్త్రీ పడుకుంటే, పక్కనే డ్రైవరు గొంతుక్కూర్చుని ఉంటాడు. "ఆ బోల్టు ఇంకో అర చుట్టు తిప్పు" అంటాడు. పాత సామాను తన డబ్బాలో వేసుకుంటాడు. మేస్త్రీ నొచ్చుకోడు. పని అయ్యాక ఇద్దరూ ఒకే బండి దగ్గర టీ తాగుతారు. అడిగితే అవమానమని ఆ ఇద్దరికీ తెలియదు. ఆ సంగతి కనిపెట్టింది మనలాంటి కారు వాళ్లం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటుంది. పత్రికలో రాసేది కాదు గానీ, మీకు తెలుసు.

కుర్రాడు మరచిపోవడం సగం తప్పు. తాళాలు తీసుకుని నోరు మూసుకుని వచ్చేయడం మిగతా సగం. ఆ రెండో సగం మన చేతిలోనే ఉంది. ఈసారి పగటి పూట వెళ్లండి. బానెట్ ఎత్తించి, మూతలన్నీ ఉన్నాయో లేదో లెక్క పెట్టుకుని, అప్పుడు డబ్బులివ్వండి.