టవర్ మీద ఎలుక సాక్ష్యం

పిఠాపురంలాంటి ఊళ్ళో డాబా మీద సెల్ టవర్ లేస్తే వీధంతా ఏకమవుతుంది. క్యాన్సర్ వస్తుందని అర్జీ పెడతారు, రుజువేదంటే అమెరికా ఎలుకల్ని చూపిస్తారు. ఎలుకలు నిజమే. అక్కడి నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2018లో తుది నివేదిక ఇచ్చింది: రోజుకు తొమ్మిది గంటలు, రెండేళ్ళపాటు ఒంటినిండా ఫోన్ తరంగాలు పట్టించిన మగ ఎలుకల్లో కొన్నిటికి గుండెలో కణుతులు లేచాయి. అర్జీ ఇక్కడే ఆగుతుంది. తరవాతి పేజీ ఎవరూ తిప్పరు. తరంగాలు సోకని మగవాటిలో రెండేళ్ళు బతికినవి నూటికి 28 మాత్రమే. సోకినవాటిలో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా. ఈ లెక్కన టవర్ పెట్టించిన ఇంటాయనకి శాలువా కప్పాలి! తొందరపడొద్దు. ముసలి మగ ఎలుకల్ని ఎక్కువగా పట్టుకునేది మూత్రపిండాల జబ్బు, తరంగాలు సోకనివాటిలో అదే ముదిరింది. ప్రొటీన్ మేతతో ఆ జబ్బు పెరుగుతుందని తెలిసే ఆ సంస్థ అంతకుముందే ప్రొటీన్ తగ్గించిన మేత రూపొందించుకుంది. తరంగాల లెక్క తేలాలన్నా ముందు మేత లెక్క తేలాలన్నమాట.

మరి కణుతులు అబద్ధమా అంటారు. కాదు. కానీ ఎలుకలకిచ్చిన గరిష్ఠ మోతాదు ఒంటి బరువు కిలోకి 6 వాట్లు. జనానికి అంతర్జాతీయ పరిమితి 0.08. మన దేశం 2012లో టవర్లకి అందులోనూ పదోవంతే పరిమితిగా పెట్టింది. ఇంత చిన్న భయానికి మందు మాత్రం పెద్దదే: 2020 అక్టోబరులో గోసంరక్షణకి కేంద్రం పెట్టిన రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అప్పటి అధ్యక్షుడు ఆవు పేడ చిప్‌ని చూపించి, ఫోన్ రేడియేషన్ తగ్గుతుందని సెలవిచ్చారు. ఆధారం చూపండని వందలమంది శాస్త్రవేత్తలు అడగాల్సివచ్చింది. పేడ ఏ ఎలుక మెళ్ళో కట్టి చూశారో!

ఎలుకలే సాక్షులైతే మన విస్తరి గురించి ఎప్పుడో చెప్పేశాయి. తరవాత హైదరాబాద్‌కి తరలి జాతీయ పోషకాహార సంస్థ అయిన కూనూరు ప్రయోగశాలలో పోషకాహార పరిశోధకుడు రాబర్ట్ మెక్‌కారిసన్ 1920లలో ఏడు ప్రాంతాల భోజనాలు ఎలుకలకి పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న తిన్న సిక్కు ఎలుక 235 గ్రాములు తూగింది. తెల్లన్నం ఎక్కువ, పాలు తక్కువ తిన్న మద్రాసీ ఎలుక 155 గ్రాములతో ఆఖరున నిలిచింది. అప్పటికి పిఠాపురం ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీలోనే. ఆ విస్తరి మీద అర్జీ పడిందా? "ఎలుకకీ మనిషికీ పోలికేంటండీ, మా తాతలు అన్నం తినే తొంభయ్యేళ్ళు బతికారు" అంటారు. ఆ తాతలు తిన్నది దంపుడు బియ్యమన్న సంగతి అలా ఉంచండి. పోలిక లేదన్నారు కదా, ఒప్పుకుందాం. అయితే టవర్ అర్జీలోంచి కూడా ఆ ఎలుకల పేరు కొట్టేయండి.